కొత్త చెయ్యి

మా ప్రిన్సిపాల్‌కి కొత్త ఆలోచన వచ్చిందంటే దాని బరువు మోసేది నేనే. ఆ ఏడాది వచ్చిన ఆలోచన ఏమిటంటే, చివరి సంవత్సరం పిల్లలంతా ఊళ్లో ఏదో ఒక వ్యాపారంలో రెండు నెలలు ఇంటర్న్‌షిప్ చేయాలి, చేసినట్టు యజమాని సంతకం తేవాలి. సంతకం లేకపోతే డిగ్రీ లేదు. "మీకు ఊళ్లో అందరూ తెలుసు కదా మేడమ్, మీరే చూడండి," అన్నాడాయన. నాకు ఊళ్లో అందరూ తెలియరు. అందరి సంగతులూ తెలుసుకోవాలని ఉంటుంది, అంతే.

నిజం చెప్పొద్దూ, ఆ పని నాకు భలే నచ్చింది. చిన్నప్పటి నుంచీ నాకు దుకాణాల వెనక గదులంటే పిచ్చి. ముందు గది ఎవరైనా చూస్తారు. వెనక ఏముంటుంది, అక్కడెవరు కూర్చుంటారు, చెడిపోయిన సరుకు ఎక్కడ దాస్తారు, ఇవన్నీ తెలుసుకోకపోతే నాకు తోచదు. మా ఆయన దీనికి 'ఆరా జబ్బు' అని పేరు పెట్టాడు. ఇప్పుడు ఆ జబ్బుకి కాలేజీ వాళ్లే అనుమతి ఇచ్చారు కాబట్టి ఆయన నోరు కూడా మూతపడింది.

మొదటి వారం ఎక్కడికెళ్లినా ముఖం మీద తలుపేసినంత పని చేశారు. "పిల్లలా? వాళ్లు ఫోన్లోంచి తలెత్తుతారా?" అన్నాడు బ్రెడ్డు బట్టీ ఆయన. "మాకే పని లేదు, వాళ్లకేం పెడతాం?" అంది లాండ్రీ ఆవిడ. నేను తెచ్చిన కాలేజీ కాగితం వైపు ఎవరూ కన్నెత్తి చూడలేదు. రెండో వారం ఆ కాగితం బ్యాగులోనే ఉంచేశాను. ఇంటర్న్‌షిప్ మాటే ఎత్తకుండా, "మీ వెనక గది ఒకసారి చూడొచ్చా?" అని అడగడం మొదలుపెట్టాను.

ఏం మారిందో గానీ మనుషులు మారిపోయారు. లాండ్రీ ఆవిడ, మరక దేనిదో వాసన చూసి ఎలా చెప్తుందో ఒక్కో బట్టా నా ముక్కు దగ్గర పెట్టి మరీ చూపించింది. బట్టీ ఆయన పొయ్యి లోపల ఏ మూల వేడి ఎక్కువో చెప్తూ గంటసేపు నన్ను వదల్లేదు. "ఇవన్నీ ఎవరికైనా చెప్పారా?" అని అడిగితే, "ఎవరడిగారు?" అన్నారు ఇద్దరూ. "అడిగేవాళ్లని పంపిస్తాను, కాదనకండి," అని అక్కడికక్కడే ఒప్పించాను. అలా ఒక్కొక్క వెనక గదీ చూసుకుంటూ, కాళ్లకు బలపం కట్టుకుని తిరిగి, క్లాసులో అందరికీ చోటు సంపాదించాను. ఒక్క పిల్లకి తప్ప.

ఆ పిల్లని క్లాసులో 'భూకంపం' అంటారు. ల్యాబ్‌లో గాజు సామాను ఆ పిల్ల బల్ల దగ్గరికి వెళ్తే తిరిగి రాదు. కళ్లజోళ్ల షాపులో పెడితే మొదటిరోజే మరలు నేలపాలు చేసి, వాటిని వెతకబోయి ఫ్రేముల స్టాండు పడేసింది. ప్రింటింగ్ ప్రెస్‌లో పెడితే రెండో రోజు పంపేశారు. "పిల్ల బంగారం మేడమ్," అన్నాడు ప్రెస్సాయన, ఒళ్లంతా సిరాతో నిలబడి. "ఆ చేతులే..." అని ఊరుకున్నాడు.

భూకంపం స్టాఫ్ రూముకి వచ్చి నా ఎదురుగా నిలబడింది. నవ్వుతూనే మొదలుపెట్టింది. "నన్ను వదిలేయండి మేడమ్. నా చేతికి ఏదీ లొంగదు. ఇంట్లో నన్ను గిన్నెలు కూడా ముట్టుకోనివ్వరు. డిగ్రీ ఒక్కటైనా వస్తుందనుకున్నాం. మా నాన్న నిన్ననే అన్నాడు, అదీ దాటేట్టు లేవులే అని." నవ్వు అక్కడితో ఆగిపోయింది. ఆ వారంలో ఎక్కడో ఒకచోట చేరకపోతే పరీక్షల్లోపు రెండు నెలలు నిండవు. మిగిలిన పిల్లలందరికీ చోటు దొరికిందన్న సంతోషం కాస్తా పోయింది.

ఇక మిగిలింది మా బాబాయి. మా పిన్ని భర్త. వాళ్ల ఇంటి ముందు గదే ఆయన తాళాల దుకాణం. చెడిపోయిన తాళాలు బాగుచేస్తాడు, తాళం చెవులు చేసిస్తాడు. ముక్కు మీద కోపం. మొదట్లోనే ఆయన్ని అడిగి, ఒక్క ముక్కతో తిప్పికొట్టించుకున్నాను. "తాళాలు తీయడం పదిమందికి నేర్పమంటావా? ఊరివాళ్లు నిద్రపోనక్కర్లేదా?" అన్నాడు. మళ్లీ వెళ్లాలంటే మనసు రాలేదు గానీ, వేరే దారి లేదు.

నేను వెళ్లేసరికి ఆయన స్టూలు మీద కూర్చుని తాళం చెవిని ఆకురాయితో రుద్దుతున్నాడు. ఆ స్టూలు మీద ఆయన తప్ప ఇంకొకరు కూర్చోగా నేను చూడలేదు. "ఒక్క అమ్మాయి బాబాయ్. రెండు నెలలే," అన్నాను.

"రెండు నెలల్లో ఏం వస్తుందే? ఆకురాయి పట్టుకోవడానికే ఏడాది పడుతుంది. లోపల మీ పిన్ని ఉంది, వెళ్లి టీ తాగు," అన్నాడు తలెత్తకుండా.

లోపలికి వెళ్లాను. పిన్ని బల్ల దగ్గర కళ్లు మూసుకుని కూర్చుంది. ముందు ఒక తాళం ఉంది. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎడమచేతికి మందపాటి ఉన్ని గ్లవ్ తొడుక్కుని, ఆ చేత్తో తాళం చెవి తిప్పుతోంది. బయట ఎండ మండిపోతోంది. నాకు టీ సంగతి గుర్తుకురాలేదు, భూకంపం సంగతీ గుర్తుకురాలేదు.

"ఏం చేస్తున్నావు పిన్నీ?"

"పరీక్ష చేస్తున్నా," అంది కళ్లు తెరవకుండా. "మీ బాబాయి బాగుచేసిన తాళం ఆయన తీసి చూడకూడదే. వాళ్ల నాన్న పెట్టిన పద్ధతి. చేసిన చేతికి ఆ తాళం మర్మం తెలిసిపోతుందట. ఎక్కడ పట్టేస్తుందో అక్కడ తనకి తెలియకుండానే కాస్త పైకెత్తి తిప్పుతుంది. తాళం వచ్చేస్తుంది. తాళం గలవాడికి మాత్రం రాదు. అందుకని కొత్త చెయ్యి తీసి చూడాలి. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ కొత్త చెయ్యి నాదే."

"మరి గ్లవ్ ఎందుకు?"

పిన్ని కళ్లు తెరిచింది. "నా కుడిచెయ్యి నేర్చేసుకుంది. ఎడమచేత్తో మొదలుపెట్టాను. అదీ నేర్చేసుకుంది. గ్లవ్ వేసుకుంటే కాస్త మొద్దుబారుతుందేమోనని చూస్తున్నా. పక్కింటావిడని పిలిచేవాళ్లం, ఆవిడ చెయ్యీ పాడైంది. పేపరు వేసే అతనిదీ అంతే. ఈ వీధిలో మాకు పనికొచ్చే చెయ్యి లేదనుకో." గొంతు తగ్గించింది. "తాళాలు వెనక్కొస్తున్నాయే. మొన్న ఒకాయన రాలేదంటూ తాళం తెచ్చి బల్ల మీద పడేశాడు. మీ బాబాయి తిప్పితే చక్కగా వచ్చింది. నేను తిప్పినా వచ్చింది. ఆయన మమ్మల్ని దొంగల్ని చూసినట్టు చూసి వెళ్లిపోయాడు. అప్పట్నుంచీ మీ బాబాయికి తిండి సయించట్లేదు."

నేను ఆ గ్లవ్‌నే చూస్తూ కూర్చున్నాను. ఒక పని బాగా రావడం వల్లే పని చెడుతుందని నాకు అంతవరకు తట్టలేదు. తర్వాత ప్రెస్సాయన సగంలో ఆపేసిన మాట గుర్తొచ్చింది.

"పిన్నీ, నా దగ్గర ఒక చెయ్యి ఉంది," అన్నాను.

మర్నాడు భూకంపాన్ని వెంటబెట్టుకుని వెళ్లాను. ఎందుకు తీసుకెళ్తున్నానో ఆ పిల్లకి చెప్పలేదు. చెప్తే రాదేమోనని భయం. బాబాయి ఆ పిల్లని పైనుంచి కిందికి చూసి, ఏమీ అనకుండా ఒక బీరువా తాళం చేతిలో పెట్టాడు. "తియ్యి."

తీయలేకపోయింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది, పెదవి కొరుక్కుంది. తాళం చెవి మొదట తలకిందులుగా పెట్టిందని పిన్ని చెప్తే సరిగ్గా పెట్టింది. అయినా రాలేదు. బాబాయి చెయ్యి చాచి తిప్పాడు. వెన్నలా వచ్చేసింది. మళ్లీ మూసి ఇచ్చాడు. ఈసారి భూకంపం పళ్లు బిగించి బలమంతా పెట్టి తిప్పింది. టక్కుమంది. తాళం చెవి సగం లోపల ఉంది, సగం ఆ పిల్ల చేతిలో ఉంది.

బాబాయి కోపం తెలిసినదాన్ని కాబట్టి నేను గోడవైపు చూశాను. "సారీ సార్, నేను వెళ్లిపోతాను," అంటూ భూకంపం లేవబోయింది.

"కూర్చో," అన్నాడు బాబాయి. మరలు విప్పి, తాళం మూత తీసి, కంటికి భూతద్దం పెట్టుకుని లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు. "ఇదిగో, ఇటు రా," అని పిన్నిని పిలిచాడు. "ఈ రేకు అంచు చూడు. లేచి ఉంది. నాకెప్పుడూ తగల్లేదు. నీకు తగిలిందా?" పిన్ని తల అడ్డంగా ఊపింది. ఆయన ఇంకో తాళం తీసి ఆ పిల్లకిచ్చాడు. అదీ రాలేదు. మూడోది వచ్చింది గానీ, ఆ పిల్ల చెయ్యి ఎర్రబడేదాకా రాలేదు. మా బాబాయి ముఖంలో అంత సంతోషం నేను వాళ్ల అమ్మాయి పెళ్లిలో కూడా చూడలేదు.

"రేపట్నుంచి రమ్మను," అన్నాడు.

అక్కడితో నా పని అయిపోయిందనుకున్నాను. వారం తిరక్కుండానే భూకంపం మళ్లీ స్టాఫ్ రూములో నా ఎదుట నిలబడింది. ఈసారి నవ్వు లేదు.

"నాకు ఆకురాయి ఇవ్వట్లేదు. స్క్రూడ్రైవర్ ఇవ్వట్లేదు. రోజంతా తాళాలు తీయమంటారు. నాకు రావు. రాకపోతే ఆయనకి సంతోషం. నిన్న ఒక కస్టమర్‌కి నన్ను చూపించి, ఇంత పనికిరాని చెయ్యి ఊరంతా వెతికినా దొరకదండీ అన్నారు. గర్వంగా అన్నారు మేడమ్. నేను పనికిరాననే నన్ను పెట్టుకున్నారు. మీకు ముందే తెలుసు కదా?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "తెలుసు," అన్నాను.

"నేను ఇంక వెళ్లను. డిగ్రీ పోతే పోనీయండి. అందరూ పనికిరావు అన్నప్పుడు బాధేసేది. పనికిరావు కాబట్టి రా అంటే ఇంకా బాధేస్తోంది."

ఆ పిల్ల వెళ్లిపోయాక నాకు నామీదే కోపం వచ్చింది. ఆ కోపం తీర్చుకోవడానికి నేరుగా బాబాయి దగ్గరికి వెళ్లి ఎడాపెడా దులిపేశాను. ఆయన ఆకురాయి కింద పెట్టాడు. "పొగిడానే," అన్నాడు చివరికి. ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. పిన్ని గుమ్మంలో నిలబడి, "మీ పొగడ్త పాడుగాను. కొత్తలో నన్నూ అలాగే పొగిడారు. ఆ రాత్రి ఏడ్చాను," అంది. బాబాయి ఆవిడ వైపు తిరిగాడు. ఆ సంగతి అన్నేళ్లుగా ఆయనకి తెలియదని ముఖం చూస్తేనే తెలిసిపోయింది.

మర్నాడు పట్టపగలు దుకాణం మూసి బాబాయి మా కాలేజీకి వచ్చాడు. చేతిలో సంచి, సంచిలో ఒక తాళం. స్టాఫ్ రూములో అందరి మధ్యా కూర్చోమంటే కూర్చోలేదు. భూకంపాన్ని పిలిపించాను. ఆ పిల్ల గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"నాకు మాట్లాడ్డం సరిగ్గా రాదమ్మా," అన్నాడు బాబాయి. "నీ చేతికి తాళం రాకపోతే ఆ తప్పు తాళానిది. నీది కాదు. ఆ తప్పు నాకు కనిపించట్లేదు. నలభై ఏళ్లుగా చేస్తున్నా కాబట్టి కనిపించట్లేదు. నీకు తగులుతోంది. నేను అడగాల్సింది అడగలేదు. ఎక్కడ తగులుతోందో నువ్వు చెప్పాలి." సంచిలోంచి తాళం తీసి బల్లమీద పెట్టాడు. "వెళ్లనంటే నీ ఇష్టం. ఇదొక్కటీ చెప్పి వెళ్లు."

భూకంపం కాసేపు తాళాన్ని చూసింది. చూసినకొద్దీ కోపం ఎక్కడో దారి తప్పినట్టుంది, వచ్చి కూర్చుంది. తిప్పింది. రాలేదు.

"ఎక్కడ?" అన్నాడు బాబాయి.

"ఎక్కడంటే..." మళ్లీ తిప్పింది. "మొదట బాగానే వెళ్తోంది. సగం తిరిగాక ఇసుకలో వెళ్తున్నట్టుంది."

"ఇసుకా, రాయా? రాయి అయితే ఆపేస్తుంది."

"ఆపట్లేదు. గరగరమంటోంది."

బాబాయి అక్కడే, మా హాజరు పట్టీల మధ్యలో, తాళం విప్పాడు. లెక్కల లెక్చరర్ కుర్చీ దగ్గరికి లాక్కుని వంగి చూశాడు. అందరం చూశాం. రేకుల మధ్య తుప్పు పొడి సన్నగా పేరుకుని ఉంది. "ఇసుకే," అన్నాడు బాబాయి నెమ్మదిగా. భూకంపం తల ముందుకు పెట్టి, "ఈ రేకు ఎందుకు లేస్తుంది?" అని అడిగింది. ఆయన చెప్పాడు. "మరి ఇది?" అంది. గంట కొట్టినా ఇద్దరూ వినిపించుకోలేదు.

ఆ తర్వాత ఆ పిల్ల ఒక్కరోజు కూడా మానలేదు. నా జబ్బు పుణ్యమా అని నేనూ వీలున్నప్పుడల్లా వెళ్లి చూసేదాన్ని. కొత్త చెయ్యి అన్న పద్ధతి అలాగే ఉంది గానీ, ఇప్పుడు బల్లకి అటు ఆయన స్టూలు మీద, ఇటు ఆ పిల్ల కుర్చీలో కూర్చుని మాట్లాడుకునేవాళ్లు. వాళ్ల మాటలు వాళ్లకే అర్థమయ్యేవి. ఇది జిగురు, ఇది గుటక, ఇది అలక. అలక అంటే ఒకసారి వచ్చి ఇంకోసారి రాని తాళమట. పిన్ని గ్లవ్ తీసేసి లోపల హాయిగా పేపరు చదువుకునేది. వెనక్కొచ్చే తాళాలు తగ్గాయి. భూకంపం చేతిలోంచి వస్తువులు పడటం మాత్రం పూర్తిగా ఆగలేదు, టీ కప్పులు స్టీలువి కొన్నారు.

చివరి రోజు సంతకం కోసం కాలేజీ కాగితం నేనే పట్టుకెళ్లాను. నేను గుమ్మం ఎక్కేసరికి బల్ల దగ్గర ఒక పెద్దావిడ నిలబడి ఉంది. చేతిలో గేటు తాళం. ముఖం కందగడ్డలా ఉంది.

"బాగుచేశామని ఇచ్చారు. పొద్దున్నుంచీ నా ఇంటి బయట నేనే నిలబడ్డాను. చివరికి పక్కింటాయన గొలుసు కోసి గేటు తీశాడు," అంటోంది.

బాబాయి తాళం అందుకుని తిప్పాడు. వచ్చింది. పిన్ని లోపల్నుంచి వచ్చి తిప్పింది. వచ్చింది. ఇద్దరూ భూకంపం వైపు చూశారు. ఆ తాళం తీసి చూసి, బాగుందని చెప్పింది ఆ పిల్లే. ఇప్పుడు మళ్లీ తిప్పింది. చప్పుడు కూడా లేకుండా వచ్చేసింది. పెద్దావిడ లాక్కుని తిప్పింది. రాలేదు.

భూకంపం ముఖం పాలిపోయింది. నా చేతిలో కాగితం వైపు ఒకసారి చూసి తల దించుకుంది. రెండు నెలలు కష్టపడి చివరి రోజున ఇలా అవుతుందని ఎవరనుకుంటారు?

బాబాయి నా వైపు తిరిగాడు. "అమ్మాయ్, ఈ పిల్ల చెయ్యి కూడా పోయింది. వచ్చే ఏడాదికి ఇంకొకరిని వెతికి పెట్టు. ఇలాగే ఏమీ రానివాళ్లని చూసి పంపు."

"అంటే నేను..." భూకంపం తలెత్తింది. "నేను ఇంక అక్కర్లేదా సార్?"

"ఆ కుర్చీలో అక్కర్లేదు," అన్నాడు బాబాయి. స్టూలు మీంచి లేచి పక్కకి జరిగాడు. "ఇటొచ్చి కూర్చో. ఆ తాళం ఏం చెప్తోందో నువ్వే చూడు."

ఆ పిల్లకి అర్థం కావడానికి కాస్త టైమ్ పట్టింది. పిన్నికి ముందే అర్థమైంది, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. భూకంపం బల్ల చుట్టూ తిరిగి వచ్చి, దారిలో డబ్బాలోని మరలు ఒలకబోసి, వాటిని ఏరి, ఆ స్టూలు మీద కూర్చుంది. తాళం మూత విప్పి లోపలికి చూసింది. తర్వాత తాళం చెవి తీసి పెద్దావిడ చేతికే ఇచ్చింది.

"మీరు తిప్పండి అమ్మా. ఎక్కడ పట్టేస్తోందో చెప్పండి, నేను ఇక్కడ్నుంచి చూస్తాను."

"ఎక్కడంటే నాకేం తెలుసే తల్లీ? నాకు తాళాల గురించి ఏం తెలుసు?"

"తెలియకపోవడమే కావాలండీ. తొందరేం లేదు, మళ్లీ తిప్పండి," అంది ఆ పిల్ల, తాళం మీదికి వంగి.

పెద్దావిడ కోపం సంగతి మర్చిపోయి తానూ లోపలికి తొంగిచూస్తూ తిప్పింది. నేను కాగితం చాపాను. కూర్చోవడానికి చోటు లేక బాబాయి నిలబడే సంతకం పెట్టాడు.